గుంట పలకలు: రౌటర్‌తో కొయ్య గోళీ ఆటల తయారీ

గోళీలు, గింజలు, గవ్వలు కదలకుండా నిలిచేలా వరసగా గుంటలు తీసిన కొయ్య ఆటపలకను ఇక్కడ గుంట పలక అందాం. తెలుగునాట దీనికి పాత రూపం వామన గుంటల పీట. బ్రెయిన్‌విటా పేరుతో ఇంటింటికీ తెలిసిన ఒంటరి గోళీ ఆట, ఆరు కొమ్ముల నక్షత్రం మీద ఆడే చైనీస్ చెక్కర్స్ ఈ కోవలోకే వస్తాయి. ఒకప్పుడు ఉలితో, గుండ్రటి అంచు గోరు ఉలితో ఒక్కొక్క గుంటా తొలిచేవారు. చేతిలో పట్టుకుని నడిపే కరెంటు రౌటర్ వచ్చాక మామూలు వడ్రంగి దుకాణంలో కూడా ఒకే కొలతలో వరసగా గుంటలు తీయడం వీలైంది. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో దొరికే కలపను, గింజలను దృష్టిలో పెట్టుకుని ఈ పలకల చరిత్రను, తయారీని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

ప్రాంతం

ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఖమ్మంలో చేరింది. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం విడి జిల్లా అయినప్పుడు అందులోకి వెళ్లింది. ఉత్తరాన ఛత్తీస్‌గఢ్, తూర్పున ఆంధ్రప్రదేశ్, ఆపైన ఒడిశా. గోదావరికి రెండు పక్కలా ఆకురాల్చే అడవి. కోయలు, కొండరెడ్లు ఇక్కడి ప్రధాన ఆదివాసీ సమాజాలు. కిన్నెరసాని అభయారణ్యం ఈ అడవిలోదే.

అడవికి ఆనుకుని ఉన్న మైదానంలో రైతులు వేసిన చెట్లు మరో రకం. సారపాకలోని ఐటీసీ కాగితపు మిల్లు చుట్టూ దశాబ్దాలుగా జామాయిల్, సుబాబుల్ తోటలు విస్తరించాయి. ఖమ్మం మామిడి తోటలకు పేరున్న జిల్లా. ఈ మధ్యకాలంలో మలబార్ వేప కూడా పొలాల్లోకి వచ్చింది. కొండపల్లికి, ఏటికొప్పాకకు, నిర్మల్‌కు ఉన్నట్టు ఈ ప్రాంతానికి బొమ్మల పేరు లేదు. గుంట పలకకు కావలసిన సరుకు మాత్రం అంతా ఇక్కడే ఉంది. కలప, గింజ, లక్క, మైనం, వడ్రంగం అన్నీ చేతికి అందే దూరంలో ఉన్నాయి.

ఆటలు

వామన గుంటలు. ఓమన గుంటలు, ఓన గుంటలు అని కూడా పిలిచే ఈ ఆటకు రెండు వరసల్లో ఏడేసి చొప్పున 14 గుంటలు. గుంటకు ఐదేసి గింజలు వేసి ఆడితే మొత్తం 70 గింజలు కావాలి. నాలుగేసి, ఆరేసి వేసుకునే ఊళ్లూ ఉన్నాయి. ఆడే మనిషి తన వైపు ఉన్న ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరసగా ఒక్కొక్క గుంటలో ఒకటి వదులుతుంది. చేతిలో గింజలు అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి ఆట సాగిస్తుంది. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ ఆమెవే. వరసగా రెండు గుంటలు ఖాళీగా ఉంటే వంతు ఎదుటివారికి పోతుంది. ఎక్కువగా ఆడవాళ్లు, ఆడపిల్లలు ఆడిన ఆట ఇది. మధ్యలో మడత బందులు వేసి చేప ఆకారంలో చెక్కిన పీటలు పాత ఇళ్లలో ఇంకా కనిపిస్తాయి. తమిళుల పల్లాంగుళి, సింహళుల ఒలిందకెలియ, మలయా ప్రాంతపు చోంకాక్, ఆఫ్రికాలోని మంకాల ఆటలన్నీ దీని చుట్టాలే. హెచ్. జె. ఆర్. మరే 1952లో ప్రచురించిన పలక ఆటల చరిత్రలో ఈ కుటుంబానికి పెద్ద చోటు దక్కింది.

సాలిటేర్. పైన చెప్పిన బ్రెయిన్‌విటా ఇదే. కూడిక గుర్తు ఆకారంలో 33 గుంటలు, 32 గోళీలు. నడిమి గుంట ఖాళీగా ఉంచి, ఒక గోళీ మీదుగా ఇంకొకదాన్ని దూకిస్తూ, దాటిన గోళీని తీసేస్తూ, చివరికి నడిమి గుంటలో ఒక్కటే మిగల్చాలి. ఈ ఆటకు తొలి ఆనవాళ్లు 1697 నాటి ఫ్రాన్సులో దొరుకుతాయి. ఆ కాలపు ఒక ముద్రణ చిత్రంలో సూబీజ్ రాకుమారి పక్కన ఈ పలక కనిపిస్తుంది. గణితవేత్త లైబ్నిజ్ 1710లో దీని గురించి రాశాడు. ఒకే గోళీ వరస దూకులను ఒక ఎత్తుగా లెక్కిస్తే 18 ఎత్తుల్లో ఆట ముగించవచ్చని 1912లో ఎర్నెస్ట్ బర్గోల్ట్ చూపించాడు. అంతకంటే తక్కువ ఎత్తుల్లో సాధ్యం కాదని 1964లో జాన్ బీస్లీ నిరూపించాడు. ఐరోపా ఖండంలో వాడే ఇంకో పలకకు 37 గుంటలు.

చైనీస్ చెక్కర్స్. పేరులో చైనా ఉన్నా పుట్టిల్లు జర్మనీ. 1892లో స్టెర్న్ హాల్మా పేరుతో వచ్చింది. 1928లో అమెరికా వ్యాపారులు పేరు మార్చి అమ్మారు. నక్షత్రం పలకకు 121 గుంటలు. ఆరుగురు ఆడితే మనిషికి పది చొప్పున 60 గోళీలు ఆరు రంగుల్లో ఉండాలి.

పులి–మేక. పులిజూదం అనే ఈ ఆటకు మూడు పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. రాతి అరుగుల మీద, మండపాల నేల మీద గీసుకుని ఆడేవారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర మన ఆటపాటలకు చోటిచ్చిన గ్రంథం. పులిజూదం వంటి ఆటలను చరిత్రలో భాగంగా చూడడం తెలుగు పాఠకులకు అలవాటు చేసింది అదే. ఈ పలకను కొయ్య మీదికి తెచ్చినప్పుడు గీతలను సన్నటి గాడిగా, కూడళ్లను గుంటలుగా తీస్తే కాయలకు బదులు రెండు రంగుల గోళీలతో ఆడవచ్చు.

ఇవికాక మేకుల మధ్య గోళీని జారవిడిచే బాగాటెల్, పలకను వంచుతూ గోళీని దారి తప్పకుండా నడిపించే చిక్కుదారి పలక కూడా రౌటర్ పనికి అనువైనవే.

గోళీలు, గింజలు

తెలంగాణలో గోటీ అని కూడా పిలిచే మామూలు గాజు గోళీ వ్యాసం 16 మిల్లీమీటర్లు, బరువు సుమారు ఐదు గ్రాములు. గాజు గోళీ చేతిపనిగా పందొమ్మిదో శతాబ్దం నడుమ జర్మనీలోని లౌషాలో స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలోని ఆక్రన్‌లో మార్టిన్ క్రిస్టెన్సెన్ దాన్ని యంత్రానికి ఎక్కించాడు. మన పిల్లలకు గోళీ సోడా సీసా ఇంకో వనరు. హైరం కాడ్ 1870ల్లో పేటెంటు తీసుకున్న ఆ సీసా పగిలితే లోపలి గోళీ పిల్లల జేబులోకి చేరేది.

అడవి అంచున గాజుకు దీటైన సహజ గోళీలు ఉన్నాయి. ముళ్ల తీగకు కాసే గచ్చకాయ బూడిద రంగులో, గట్టిగా, నున్నగా, గోళీ అంత ఉంటుంది. కుంకుడు గింజ నల్లగా, దాదాపు గుండ్రంగా ఉంటుంది. వామన గుంటలకు చింతగింజలు అందరికీ తెలిసినవే. గురివింద గింజలు చూడముచ్చటగా ఉన్నా వాటిలో తీవ్రమైన విషం ఉంది. పిల్లలు వాడే పలకలో వాటిని పెట్టకూడదు.

కలప

గుంట పలకకు కావలసిన గుణాలు మూడు. నార బిగువుగా, సమంగా ఉండాలి. ఎండకు, వానకు వంకర పోకూడదు. గుంట అంచు చిట్లకూడదు.

టేకు ఈ మూడింటికీ సరిపోతుంది. సహజమైన నూనె వల్ల తేమకు అంతగా చలించదు. ఆ నూనె వల్లే జిగురు సరిగా పట్టదు కనుక అతికే ముందు ఆ ముఖాన్ని స్పిరిట్‌తో తుడవాలి. టేకులో ఉండే ఇసుక రేణువుల వంటి సిలికా బిట్ పదును త్వరగా తినేస్తుంది. వేగిస, నల్లమద్ది, జిట్రేగి బరువైన, చేవ గల కలపలు. నల్లమద్ది, జిట్రేగి గుంటలో రంగు చారలు తేలి అందంగా కనిపిస్తాయి. కానీ ఇవి అడవి చెట్లు. వీటి పాత ముక్కలు, ఇల్లు విప్పినప్పుడు వచ్చిన దూలాలు తప్ప కొత్త కలప కోసం చూడడం సరికాదు.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు తేలికగా, మెత్తగా ఉంటాయి. అంకుడుతో కాయలు, పులి బొమ్మలు తరిణె పట్టవచ్చు. పొణికి పలకకు పనికిరాదు. గోళీ దెబ్బకే గుంట అంచు నొక్కుకుపోతుంది.

మామిడి, మలబార్ వేప, సుబాబుల్ రైతు కొట్టి అమ్ముకునే చెట్లు. ముసలి మామిడి చెట్టు పలకలు ధర తక్కువ, నార చక్కన. వీటికి పెద్ద శత్రువు పిండి పురుగు. కోసిన వెంటనే బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టాలి. భద్రాచలం, కొత్తగూడెం వేసవి ఎండ చాలా తీవ్రమైనది. గోదావరి వానాకాలపు తేమ దానికి పూర్తిగా ఎదురు. కలపలో తేమ 10 నుంచి 12 శాతానికి దిగాక మొదలుపెట్టిన పలకే ఈ రెండింటినీ తట్టుకుంటుంది. వెడల్పాటి ఒక్క పలక కంటే మూడు నాలుగు సన్న పట్టీలు అతికి చేసిన పలక తక్కువ వంగుతుంది. దర్వాజలు, కిటికీలు చేయగా మిగిలిన టేకు తుండ్లు ఇందుకు సరిగ్గా సరిపోతాయి.

రౌటర్

నిటారుగా తిరిగే మోటారు, దాని కొసన బిట్‌ను పట్టుకునే కోలెట్, రెండు చేతి పిడులు, కింద పళ్లెం లాంటి ఆధారం. ఇదీ రౌటర్ నిర్మాణం. నిమిషానికి సుమారు 10,000 నుంచి 30,000 చుట్లు తిరుగుతుంది. గుంట పనికి కావలసింది ప్లంజ్ రౌటర్. అందులో మోటారు రెండు కడ్డీల మీద కిందికి దిగి, పెట్టిన లోతు దగ్గర ఆగుతుంది. ఇక్కడి దుకాణాల్లో అలమారా అంచులకు, లామినేట్ కత్తిరింపుకు వాడే చిన్న ట్రిమ్మర్ కూడా రౌటరే. దానితో గీతలు, అంచులు చేయవచ్చు. గుంటలు దింపడానికి అది అనువు కాదు.

బిట్లలో మూడు చాలు. గోళీ గుంటకు అర్ధగోళం మొన ఉన్న బిట్. గింజల గుంటకు అడుగు చదునుగా, మూల గుండ్రంగా కోసే గిన్నె బిట్. పలక చుట్టూ కోయడానికి తిన్నటి బిట్. మూడింటికీ కార్బైడ్ అంచు ఉండాలి. పెద్ద బిట్‌కు వేగం తగ్గించాలి.

గుంట కొలత

పలక మంచి చెడ్డలు తేల్చేది గుంట కొలతే. గోళీ కంటే చిన్న బిట్ వాడాలా, పెద్దది వాడాలా అన్నది మొదటి నిర్ణయం. అరంగుళం బిట్‌తో ఐదు మిల్లీమీటర్ల లోతు దింపితే గుంట నోరు సుమారు 12.4 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల గోళీ ఆ నోటి అంచు మీద కూర్చుంటుంది. మూడు మిల్లీమీటర్లు లోపలికి దిగి, 13 పైకి ఉంటుంది. పలక కదిలినా గోళీ కదలదు, రెండు వేళ్లకు తేలికగా అందుతుంది. ముప్పావు అంగుళం బిట్‌తో అదే లోతు దింపితే గుంట నోరు సుమారు 16.8. గోళీ అడుగున ఒకే చోట తాకి కాస్త దొర్లుతుంది. అందుకే గోళీ నిలవాల్సిన గుంటకు చిన్న బిట్, గోళీలు దొర్లాల్సిన గాడికి పెద్ద బిట్ వాడతారు.

వామన గుంటలకు లెక్క వేరు. అక్కడ గుంట కొలిచేది వేళ్లతో. నాలుగు వేళ్లు దిగి గింజలన్నీ ఒక్క ఊపులో ఊడ్చుకురావాలి. సుమారు 60 మిల్లీమీటర్ల వెడల్పు, 20 లోతు అందుకు చాలు. మూల ఆరు మిల్లీమీటర్ల వంపుతో ఉంటే వేలి కొన ఆ వంపులో నడుస్తుంది. నిటారు మూల ఉంటే చివరి చింతగింజ అక్కడే ఇరుక్కుని ఆట లయ తప్పుతుంది.

సాలిటేర్ పలక తయారీ

20 మిల్లీమీటర్ల మందం, 300 చదరం ఉన్న అతుకు పలకను చిత్రిక పట్టి చదును చేయాలి. నడిమి బిందువులో నాలుగు మిల్లీమీటర్ల లోతు మాత్రమే సన్నటి రంధ్రం వేయాలి. రౌటర్‌కు బిగించిన వృత్తపట్టీ మేకు అందులో దిగుతుంది. తర్వాత ఆ చోట ఐదు మిల్లీమీటర్ల నడిమి గుంట పడుతుంది కనుక ఆ రంధ్రం ఆనవాలు కూడా మిగలదు. ఈ వరస తప్పితే పలక మధ్యలో మచ్చ నిలిచిపోతుంది.

ముందు ముప్పావు అంగుళం బిట్‌తో 118 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో గాడి. తీసేసిన గోళీలు అందులో చేరతాయి. ఆ గాడి చుట్టుకొలత సుమారు 740 మిల్లీమీటర్లు, 32 గోళీలకు 512 చాలు. తర్వాత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఫర్మా, అంటే అచ్చు పలక. అందులో నడిమి నుంచి నడిమికి 28 మిల్లీమీటర్ల ఎడంతో 20 మిల్లీమీటర్ల రంధ్రాలు 33 వేయాలి. రౌటర్ అడుగున బిగించిన 20 మిల్లీమీటర్ల గైడ్ బుష్ ఒక్కొక్క రంధ్రంలో దిగి, బిట్‌ను పక్కకు జరగనివ్వదు. ఫర్మా ఒకసారి సరిగా కుదిరితే ఎన్ని పలకలైనా ఒకే తీరుగా వస్తాయి.

గుండ్రటి మొన బిట్ కొసన, నట్టనడుమ, కోత వేగం దాదాపు సున్నా. అక్కడ కొయ్య తెగడానికి బదులు రాసుకుని మాడుతుంది. ముందే మూడు మిల్లీమీటర్ల డ్రిల్‌తో నాలుగు మిల్లీమీటర్ల లోతు వేసి పెడితే ఈ మచ్చ రాదు. బిట్‌ను ఆగకుండా దింపి, అడుగు తాకగానే లేపాలి. నడిమి గుంటను ఆఖరుకు ఉంచి, మిగతావి అయ్యాక అదే మేకు ఆధారంగా తిన్నటి బిట్‌తో 140 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో పలకను చుట్టూ కోయాలి. ఒక్కో దఫాకు మూడు నాలుగు మిల్లీమీటర్ల కంటే లోతు దింపకూడదు. పలక బయటి అంచున రౌటర్‌ను అప్రదక్షిణంగా, రంధ్రం లోపలి అంచున ప్రదక్షిణంగా నడపాలి. తిరగేస్తే బిట్ కొయ్యను పట్టుకుని యంత్రాన్ని ముందుకు లాగేస్తుంది.

వామన గుంటల పీట తయారీ

530 మిల్లీమీటర్ల పొడవు, 95 వెడల్పు, 30 మందం ఉన్న పలకలు రెండు. ఒక్కొక్క దానిలో ఏడు గుంటలు. గిన్నె బిట్‌కు పైన బేరింగ్ ఉన్న రకం తీసుకుంటే 60 మిల్లీమీటర్ల రంధ్రాలున్న 18 మిల్లీమీటర్ల మందపు ఫర్మా చాలు. గుంటకూ గుంటకూ మధ్య 12 మిల్లీమీటర్ల గట్టు మిగులుతుంది. ప్రతి గుంటనూ ఐదు దఫాల్లో 20 మిల్లీమీటర్ల లోతుకు తేవాలి. అడుగున పది మిల్లీమీటర్ల కొయ్య ఉండాలి. నార పలక పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే పలక విరిగే ప్రమాదం ఉంది. రెండు పలకలను ఇత్తడి మడత బందులతో కలిపితే మూసినప్పుడు గింజలు లోపలే ఉంటాయి. చేప తల, తోక కోయడం, పైన పొలుసులు చెక్కడం చేతి ఉలి పని. యంత్రం తీసిన గుంటకు వడ్రంగి చేతి ముద్ర ఇక్కడే పడుతుంది.

మెరుగు

గుంటల లోపల నున్నగా చేయడానికి గుంట కంటే కాస్త చిన్న చెక్క బంతికి సాండ్ పేపర్ చుట్టి తిప్పుతారు. 120తో మొదలుపెట్టి 180, 240 నంబర్లతో ముగించాలి. మోదుగ, కుసుమ చెట్ల మీద పెరిగే లక్క నుంచి తీసిన పాలిష్ స్పిరిట్‌లో కరిగి త్వరగా ఆరుతుంది. అవిసె నూనె, తేనెమైనం కలిపి రుద్దితే నార రంగు తేలుతుంది, చేతికి జారదు. రంగు కావాలంటే ఏటికొప్పాక దారి ఉంది. అక్కడ సహజ రంగులను తిరిగి నిలబెట్టిన సి. వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

జాగ్రత్తలు

కొయ్య పొడి ఊపిరితిత్తులకు, ముక్కుకు హాని. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. టేకు, జిట్రేగి పొడి చర్మానికి దురద తెస్తుంది. మాస్కు, కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. బిట్ మార్చే ముందు ప్లగ్గు తీయాలి. బిట్ కాడ కోలెట్‌లో కనీసం ముప్పాతిక వంతు దిగాలి. పొడుగు చేతుల చొక్కా, వేలాడే కండువా వద్దు. అవిసె నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టాలి. మూడేళ్ల లోపు పిల్లలకు గోళీ, గింజ ఏదైనా గొంతులో ఇరుక్కునే వస్తువే.

చట్టం

టేకు వంటి కలప తరలించడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ ఉండాలి, పొలంలో పెరిగినదైనా సరే. అటవీ హక్కుల చట్టం 2006 ఆదివాసీలకు వెదురు, గింజలు, తేనె, లక్క వంటి చిన్న తరహా ఫలసాయంపై హక్కునిచ్చింది. కలప అందులో లేదు. ఆటవస్తువుల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు మినహాయింపు ఉంది. అమ్మకానికి చేసే వడ్రంగి ముందు ఆ నమోదు చూసుకోవాలి.

విలువ, భవిష్యత్తు

వామన గుంటలు ఆడడానికి చూపు కూడా అవసరం లేదు. వేళ్లతో తడిమి ఎక్కడ ఎన్ని ఉన్నాయో తెలుసుకోవచ్చు కనుక చూపు లేనివారు చూపున్నవారితో సమానంగా ఆడగలరు. పంచడం, లెక్కించడం, ముందుచూపు పిల్లలకు ఆటలోనే అబ్బుతాయి. చెన్నైలోని క్రీడా, మైసూరులోని రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠాన వంటి సంస్థలు పాత పలక ఆటలను మళ్లీ అంగడికి, ప్రదర్శనలకు తెచ్చి గిరాకీ ఉందని చూపించాయి.

ఖమ్మం–భద్రాచలం సరిహద్దులో ఈ పని కోసం అడవిలో ఒక్క చెట్టు కూడా పడాల్సిన అవసరం లేదు. దర్వాజ చేయగా మిగిలి పొయ్యిలోకి పోయే టేకు తుండు, కాపు ఉడిగిన మామిడి మాను, అడవి అంచున రాలిన గచ్చకాయ, కుంకుడు గింజ చాలు. భద్రాచలం రామయ్య దర్శనానికి వచ్చే యాత్రికులు ఇంటికి పట్టుకెళ్లదగ్గ వస్తువు ఇది. రౌటర్ ఉన్న ప్రతి వడ్రంగీ సాలిటేర్ పలకతో చేయి కుదుర్చుకుని, అసలు పనిగా వామన గుంటల పీటనే ఎంచుకోవాలి. మన అమ్మమ్మలు ఆడిన ఆట అది. అది నేర్పేవారు ఇంకా మన ఇళ్లలో ఉండగానే పీటలు తయారుకావాలి.